కారే పైపు, దొరకని మేస్త్రి

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి మీరు కూడా ఒక పావుగంట మాట్లాడాలి" అన్నారు. దేని గురించి అని అడిగాను. బీపీ, షుగరు గురించి డాక్టరుగారు మాట్లాడుతున్నారట. కరువు భత్యం గురించి అధ్యక్షులవారు మాట్లాడతారట. ఆధ్యాత్మిక విషయాలకు అప్పటికే ముగ్గురు పేర్లిచ్చారట. "ఇక మిగిలింది మీ ఇష్టం" అన్నారు. నాకు మిగిలింది మా ఇంటి నీళ్ల పైపు. దయచేసి నవ్వకండి. ఉద్యోగంలో ఉండగా అప్పోసప్పో చేసి కట్టుకున్న ఇళ్లకు ఇప్పుడు మనతోపాటే వయసు మీద పడింది. మనకు కీళ్లు, వాటికి పైపులు.

మా ఇల్లు 1986లో కట్టింది. ఆఫీసు ఇచ్చిన గృహనిర్మాణ అడ్వాన్సు, ప్రావిడెంటు ఫండులోంచి తీసిన సొమ్ము, మా ఇంటావిడ రెండు పేటల గొలుసు - ఈ మూడింటి మీద లేచిన ఇల్లు. కింద రెండు గదులు, హాలు, వంటిల్లు. పైన పిల్లల కోసమని ఒక గది, దానికొక స్నానాల గది. పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయారు. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి పుణెలో. పై గదికి తాళం.

ఈ సంవత్సరం ఏప్రిల్ నెలలో హాలు కప్పు మీద అరచేయంత మచ్చ కనిపించింది. సరిగ్గా మా ఇంటావిడ కూర్చుని బియ్యం ఏరుకునే కుర్చీకి పైన. "ఏమండీ, పైన పైపేదో కారుతున్నట్టుంది" అన్నది ఆమె. "ఎండాకాలంలో చెమ్మేమిటి? పాత సున్నం మచ్చ" అని కొట్టిపారేశాను. 1971 నుంచి 2007 వరకు, 36 ఏళ్లు అకౌంట్సు సెక్షన్లో పనిచేసినవాణ్ణి. ఎవరేం చెప్పినా ముందు ఒక అభ్యంతరం రాయడం చేతికి అలవాటైపోయింది.

రంగులు వేసే అతన్ని పిలిచి మచ్చ గీకించి, లప్పం పెట్టించి, తెల్లరంగు వేయించాను. పది రోజులు కప్పు పెళ్లికూతురులా ఉంది. పదకొండో రోజున అదే చోట గోధుమరంగు అంచుతో, ఈసారి చేటంత మచ్చ తేలింది. అప్పుడు ఒప్పుకున్నాను, ప్లంబరు కావాలని.

ఈ నగరంలో యాభై ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఏ ఆఫీసులో ఏ కాగితం ఎవరి బల్ల మీద ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. కాని తెలిసిన ప్లంబరు ఒక్కడూ లేడు. మా ఇంటికి పైపులు వేసినవారి పేరైనా ఏనాడూ అడిగినవాణ్ణి కాదు. అంతా కంట్రాక్టరు చూసుకున్నాడు.

సరే, ప్రభుత్వ పద్ధతి మనకు తెలిసిందే గదా. మూడు కొటేషన్లు పిలుద్దామనుకున్నాను. మొదట హార్డ్‌వేరు దుకాణం వారు ఒక కుర్రవాణ్ణి పంపారు. అతను పైకెళ్లి, కాలితో నేలను రెండుసార్లు తట్టి, "నాని ట్రాపు పోయింది సార్. టైల్సన్నీ పగలగొట్టి మళ్లీ వేయాలి. 48 వేలు" అన్నాడు. రెండోది పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ బావమరిది. ఇవాళ వస్తాను, రేపు వస్తాను అని నాలుగు రోజులు తిప్పి, ఐదో రోజున వచ్చి, ఏదో మందు పోస్తే కారడం ఆగుతుంది, 22 వేలన్నాడు. ఎక్కడ కారుతోందని అడిగితే, "మందు పోశాక తెలుస్తుంది సార్" అన్నాడు.

మూడోది మా అబ్బాయి ఏర్పాటు. "నాన్నా, మీరు తిరగొద్దు. నేను ఇక్కడి నుంచే బుక్ చేస్తాను" అన్నాడు. చేశాడు. ఉదయం పది గంటలకు యూనిఫారం వేసుకున్న అబ్బాయి గుమ్మం ముందు నిలబడి, "ఓటీపీ చెప్పండి అంకుల్" అన్నాడు. ఆ నంబరు మా వాడి ఫోనుకు వెళ్లింది. అక్కడ రాత్రి పదకొండున్నర. వాడు నిద్రపోయాడు. ముప్పావుగంట ఫోనులు చేయగా లేచాడు. తీరా చూసి ఆ అబ్బాయి నాలుగు ఫోటోలు తీసుకుని, గోడలోపలి పైపుల పని తమకు లేదని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు. అతన్ని నేను తప్పు పట్టను. తనది కాని పనిని తనది కాదన్నాడు. అది కూడా నిజాయితీయే.

ఇదంతా ఒక ఫైలులో పెట్టాను. పైన పేరు కూడా రాశాను. "ఆ ఫైలు తడవకుండా చూసుకోండి" అన్నది మా ఇంటావిడ.

మే నెల రెండో వారం, ఉదయం ఏడు గంటలు. ఆమె తన కుర్చీలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. చేట కుర్చీలో పెట్టి లేచి వెళ్లింది. గుమ్మం దాటిందో లేదో, కప్పు నుంచి పెచ్చు ఊడి ఆ కుర్చీలో పడింది. పెచ్చంటే చిన్నది కాదు, రెండు చేతులా ఎత్తవలసినంత. చేట విరిగింది. బియ్యం హాలంతా చెదిరాయి. పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వ ఎర్రగా కనిపిస్తోంది. ఆమె పాలగిన్నె పట్టకారుతో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రోజే మన సంఘ సభ్యులొకరికి ఫోను చేశాను. వారు వర్క్సు ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవారు. "మా ఇంటికొచ్చే మేస్త్రి ఉన్నాడు. పంపిస్తాను. కాని ఒక షరతు. పనైన రోజునే డబ్బులివ్వాలి. రేపు రమ్మనకూడదు" అన్నారు. షరతు నాకు కొంచెం గుచ్చుకున్నది. ఎందుకో తరువాత తెలిసింది.

మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి. కళ్లజోడుకు దారం, భుజాన గోనెగుడ్డ సంచి, అందులో పైపు రెంచీలు. "ఏమయ్యా, ఎంతవుతుంది?" అన్నాను నేను. అతను దానికి జవాబు చెప్పలేదు. కప్పు వైపు ఒకసారి చూసి, డాక్టరు అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు. మచ్చ ఎప్పుడు మొదలైంది? పొద్దున తడి ఎక్కువా, రాత్రి ఎక్కువా? పైన స్నానం చేసిన రోజున పెరుగుతుందా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. మూడు కొటేషన్ల అంకెలు మాత్రం తెలుసు.

అప్పుడు మా ఇంటావిడ వంటింట్లోంచి వచ్చింది. "సంక్రాంతికి అమ్మాయి వచ్చి వెళ్లాక ఆ స్నానాల గదిలో చుక్క నీరు వాడలేదు బాబూ. తాళం వేసే ఉంది. అయినా మచ్చ రాత్రీ పగలూ తడిగానే ఉంటోంది. బయట గోడకు రావి మొక్క ఒకటి మొలిచింది. నీళ్లు చాలక నా కుండీల్లో మొక్కలు వాడిపోతుంటే, అది మాత్రం కొత్త చిగుళ్లు వేస్తోంది" అన్నది.

మేస్త్రి కళ్లజోడు సర్దుకుని, "సగం పని మీరే చేశారమ్మా" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. నెలరోజులుగా జవాబు మా ఇంట్లోనే ఉంది. వచ్చిన ముగ్గురూ ఆమెను అడగలేదు. నేను అసలే అడగలేదు.

అప్పుడు మేస్త్రి చెప్పిన లెక్క మీ అందరికీ పనికొస్తుంది కనుక విడమరచి చెబుతాను. స్నానం చేసినప్పుడే చెమ్మ పెరిగి, తరువాత తగ్గుతుంటే, తప్పు వాడిన నీరు పోయే దారిలో ఉంటుంది. అంటే నాని ట్రాపో, టైల్సు సందులో. వానలప్పుడే వస్తుంటే తప్పు డాబా మీదిది. ఎవరూ వాడకపోయినా రాత్రింబగళ్లు ఒకేలా ఉంటే, తొట్టి నుంచి వచ్చే మంచినీళ్ల పైపు మీద అనుమానపడాలి. దానిలో నీరు ఎప్పుడూ ఒత్తిడితో నిలిచి ఉంటుంది కనుక రంధ్రం దొరికితే ఆగదు. మా ఇంటిది ఈ మూడోదన్నమాట. వాడని గదిలో నాని ట్రాపు కారడానికి నీళ్లెక్కడివి? ఈ చిన్న సంగతి తెలియక 48 వేలు పోసి బంగారంలాంటి టైల్సు పగలగొట్టించబోయాను. పగలగొట్టినా కారడం ఆగేది కాదు.

అనుమానం సరే, రుజువు కావాలి గదా. ఆ రాత్రి పది గంటలకు ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, డాబా మీది సిమెంటు తొట్టి లోపలి గోడకు నీటిమట్టం దగ్గర పెన్సిలు గీత గీయమన్నాడు. ఉదయం ఆరు గంటలకు స్కేలుతో కొలిచాను. పావు అంగుళం దిగింది. పావు అంగుళమే గదా అనుకోకండి. మా తొట్టి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పావు అంగుళమంటే సుమారు తొమ్మిదిన్నర లీటర్లు. ఎనిమిది గంటలకు అంత పోతే రోజుకు 28 లీటర్లు, నెలకు 850 లీటర్లు. మరునాడు పై స్నానాల గదికి వెళ్లే లైను విప్పి, దానికి డమ్మీ బిగించి, రాత్రి మళ్లీ గీత గీయించాడు. ఈసారి నీరు గీత దగ్గరే ఉంది. కేసు తేలిపోయింది.

మీలో కొందరు, నీటి మీటరు ఉంది గదా, అది చెప్పదా అనుకోవచ్చు. నేనూ అదే అడిగాను. మా కాలనీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మీటరు లెక్కపెట్టేది వీధిలోంచి సంపులోకి వచ్చే నీటిని. అక్కడి నుంచి మోటారుతో తొట్టికి ఎక్కించాక ఏ గోడలో ఎంత కారుతోందో దానికి విడిగా తెలియదు. ఒకప్పుడు గండిపేట నీళ్లు తాగిన ఊరు మనది. 2004 నుంచి కృష్ణ నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి, గుట్టలెక్కించి తెచ్చిన నీటిని నేను నెలల తరబడి రావి మొక్కకు పోశాను.

ఇక అసలు తప్పు ఎక్కడంటే, గోడలోంచి దిగిన జీఐ పైపు నేల కింద మలుపు తిరిగే ఎల్బో దగ్గర. ఇనుప పైపుకు తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. బిగించడానికి మరలు కోసినప్పుడు ఆ చోట పూత పోతుంది, పైపు మందమూ తగ్గుతుంది. అందుకే పాత పైపులు చాలాసార్లు జాయింట్ల దగ్గరే ముందు తినేస్తాయి. కారిన నీరు స్లాబులోకి దిగి చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక చువ్వ ఉబ్బినట్టై, కింది కాంక్రీటును నెట్టేస్తుంది. పెచ్చులూడటమంటే అదే. పైన రంగు వేస్తే అది కనపడకుండా పోతుందే గాని, ఆగదు.

మేస్త్రి నేలను తవ్వలేదు. "ఒక ఎల్బో మారిస్తే ఇంకో ఏడు పక్కది కారుతుంది సార్. ఈ లైను చాలించుకుందాం" అని, పాత పైపు రెండు కొసలూ మూసేసి, గోడ బయటి నుంచి కొత్త సీపీవీసీ పైపు తెచ్చి లోపలికి కలిపాడు. కళ్లకు కనబడే పైపైతే రేపు కారినా తెలుస్తుందన్నాడు. ఎండ తగిలే చోట దానికి రంగు వేయించమన్నాడు. అతికించిన వెంటనే నీళ్లు వదలనివ్వలేదు. తొట్టి కింద ఉన్న గేటు వాల్వు కట్టినప్పటి నుంచి ఎవరూ తిప్పకపోవడంతో బిగుసుకుపోయింది. అదీ మార్చాడు. రావి మొక్కను వేళ్లతో సహా తీయించాడు. చెమ్మ పూర్తిగా ఆరాక తాపీ మేస్త్రి చేత చువ్వ తుప్పు గీకించి, పూత వేయించి, కప్పు పూడ్పించుకున్నాము. ప్లంబరు పని మాత్రం సామాను, మజూరీ కలిపి 6,400 రూపాయలు.

పని అయ్యేసరికి సాయంత్రం ఐదైంది. మా ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. అలవాటు చొప్పున నేను, "సామాను రసీదులు అన్నీ ఉన్నాయా?" అన్నాను. అతను సంచిలోంచి తీసి వరుసగా పేర్చి ఇచ్చాడు. "మీరు బిల్లుల సెక్షన్లో చేశారట కదా సార్, చెప్పారు" అని నవ్వి, వయసులో ఉండగా ఒక కంట్రాక్టరు కింద సర్కారు క్వార్టర్లలో పైపుల పని చేసిన రోజులు చెప్పాడు. బిల్లు పాసైతేగాని కంట్రాక్టరు కూలీ ఇచ్చేవాడు కాదట. ఒకసారి కొలతల పుస్తకంలో ఏదో తేడా ఉందని బిల్లు తిరిగొచ్చి, దసరాకు రావలసిన డబ్బు సంక్రాంతికి వచ్చిందట. కోపంతో చెప్పలేదు. వానల గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆ బిల్లు నాది కాకపోవచ్చు. కాని అలాంటివి నా బల్ల మీదా ఉండేవి. నియమం తప్పని నేను ఇప్పటికీ అనను. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి. తప్పుడు కొలతకు అభ్యంతరం రాయవలసిందే. కాని ఆ అభ్యంతరం రాయడానికి ఒక పూట చాలు. నేను సెలవులో ఉన్నానని, టీకి వెళ్లానని, ఆ కాగితం పదకొండు రోజులు బల్ల మీద పడి ఉండటం నియమం కాదు. కాగితం అడుగున ఒక మనిషి ఉన్నాడని నాకు తోచలేదు. డబ్బు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టి, "మంచిది మేస్త్రిగారూ" అన్నాను. పొద్దున "ఏమయ్యా" అన్న నోరే. మా ఇంటావిడ నా వైపు ఒకసారి చూసింది.

మిత్రులారా, అనుభవం మీద నాలుగు మాటలు మనవి చేస్తాను. తొట్టి కింది వాల్వును, ఇంట్లోని వాల్వులను రెండు మూడు నెలలకొకసారి తిప్పి చూడండి. అవసరం వచ్చిన రోజున తిరగాలి. ఫ్లష్ తొట్టిలో రాత్రి కాస్త బట్టల నీలిమందు కలపండి. అరగంటలో, వాడకుండానే, కింద నీలం కనిపిస్తే లోపలి వాల్వు కారుతున్నట్టే. స్విచ్చిబోర్డు దగ్గర చెమ్మ కనిపిస్తే ప్లంబరు కంటే ముందు మెయిన్ కట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మరొకటి ముఖ్యం. పాత ఇళ్లలో కొన్నిచోట్ల ఎర్తు తీగను నీళ్ల పైపుకే కట్టేవారు. ఇనుప పైపు తీసి ప్లాస్టిక్‌ది వేస్తే ఆ ఎర్తు తెగిపోతుంది. పైపులు మార్చిన ఇంట్లో ఎర్తు కూడా చూపించుకోండి. స్టూలెక్కి మీరే తొట్టిలోకి తొంగిచూడకండి. గీత గీయడానికి నేను పక్కింటి కుర్రవాణ్ణి తోడు పెట్టుకున్నాను.

ఇవన్నీ చిన్నవి. నేను నిజంగా అడగదలచింది ఇంకొకటుంది. ఈ హాల్లో వెనక వరుసల్లో కుటుంబ పెన్షను తీసుకుంటున్న సోదరీమణులు కూర్చున్నారు. వారిలో కొందరు ఒంటరిగా ఉంటున్నారు. పైపు కారినా, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని ఇంట్లోకి ఎలా రానివ్వడమని, బకెట్టు పెట్టుకుని కాలం గడుపుతున్నారని మా ఇంటావిడ ద్వారా విన్నాను. మా ఇంట్లో పెచ్చు పడినప్పుడు పలకడానికి ఇద్దరమున్నాము. వారికి ఎవరు?

కనుక మన సంఘ కార్యాలయంలో ఒక పుస్తకం పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, తాపీ మేస్త్రి - ఎవరైనా సరే, మన సభ్యులు స్వయంగా పని చేయించుకున్నవారి పేర్లే, వారి అనుమతితో, అందులో రాయాలి. ఏ పని, ఎంత ఇచ్చారు, చెప్పిన వేళకు వచ్చారా, తేడా వస్తే మళ్లీ వచ్చి చూశారా - ఈ నాలుగు గడులు చాలు. ఒంటరిగా ఉన్న సోదరి ఇంట్లో పని జరిగే రోజున దగ్గరలో ఉన్న సభ్యులెవరైనా, వీలైతే దంపతులు, వెళ్లి కూర్చోవాలి. మనకు ఖాళీ తప్ప ఇంకేముంది? పక్కనే మన వైపు నియమం కూడా ఒకటి రాయాలి. పనైన రోజునే డబ్బు. రేపు రమ్మనకూడదు.

ఈ దినం మనకెందుకు పండుగో మీకు తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని తీర్పు చెప్పింది. ఆ మాట ఏటా ఈ వేదిక మీద చెప్పుకుని చప్పట్లు కొడుతున్నాము. కొట్టవలసిందే. కాని మన గుమ్మంలో సంచి భుజాన వేసుకుని నిలబడ్డ మనిషికి ఇచ్చేది కూడా భిక్ష కాదు. పెన్షను ఒక్క వారం ఆలస్యమైతే మన ప్రాణం ఎలా ఉంటుందో మనకు తెలుసు గదా.

కార్యదర్శిగారు అనుమతిస్తే ఆ పుస్తకం నా ఖర్చుతో కొని తెస్తాను. మొదటి పేజీలో మా మేస్త్రిగారి పేరు రాస్తాను. ఆయన పేరు, ఊరు అన్నీ ఈసారి అడిగి తెలుసుకున్నాను. మా ఇంటావిడ కుర్చీ మళ్లీ పాత చోటనే వేసుకున్నది. చేట మాత్రం కొత్తది.